నీళ్లు పడని బోరు

కుషాయిగూడల నర్సింగ్ హోం వెనుక
పెంటయ్య అరచేతిల కొబ్బరికాయ నిలబడ్డ చోటనే
ఆరు వందల ఎనభై ఫీట్లు దింపిన.
మొదటి ముప్పై మొరం.
తర్వాతంతా మౌలాలి గుట్ట చెల్లెలే,
లోపల పండుకున్న రాయి.
తెల్ల దుమ్ము లేచి
ఆరేసిన పసిగుడ్డల మీద పడ్డది.
తడి మాత్రం లేదు.

సుగుణ డాక్టరమ్మ పైసలిచ్చింది, మొఖం చూడలే.
పెంటయ్య కొబ్బరికాయ సంచిలేసుకొని
ఎప్పుడు జారుకున్నడో తెల్వదు.
కేసింగ్ నోటికి మూత బిగించి
మీద ఓ బండ పెట్టి వచ్చిన.
ఇరవై రెండేండ్లల్ల నేను మూసిన నోళ్లు
లెక్కవెడితే ఒక బస్తీ అయితది.

రెండేండ్లకు ఫోనొచ్చింది.
"ఆ బోరు మళ్ల తెరువాలె గాలన్నా."
"అండ్ల నీళ్లు లేవమ్మా."
"నీళ్లొద్దు."

పోయిన. డిసెంబరు, ఇంకా తెల్లారలే,
చాయ్ గ్లాసును రెండు చేతుల్ల పట్టుకునే చలి.
ఫ్రిజ్ మెకానిక్ కరీముల్లా బిడ్డ ఫర్హీన్
నల్ల పైపు చుట్టల మీద కూసున్నది.
తాడుకు థర్మామీటర్ కట్టి దింపింది, తీసింది.
ఇరవై ఎనిమిది.
"మే నెలల?"
"మేల గూడ ఇంతే కాకా."

ఇన్నేండ్లు రాయిని నేనొక్కటే మాట అడిగిన.
అది లేదన్నది.
ఇంకో మాట అడగొచ్చని
నాకు తోచనే లేదు.

పైపును అడుగున మడిచి, జడపిన్ను లెక్క దింపినం.
చుట్టూ బంకమన్ను జావ నింపినం.
పైపుల పోసినయి పైనీళ్లే, ట్యాంకర్‌వి.
రాయి వాటిని ఒక్క చుక్క తాగదు.
దిగుతయి, ఎక్కుతయి, మళ్ల దిగుతయి.
పోయినప్పుడు పద్దెనిమిది,
వచ్చినప్పుడు ఇరవై రెండు.
"నాలుగు డిగ్రీలకు ఇంత లొల్లా?" అన్న.

"సైకిల్‌కు గాలి కొట్టినవా ఎప్పుడన్న?
పంపు అడుగు పట్టుకున్నవా?"
పట్టుకున్న. కాల్తది.
"గంతే," అన్నది.

ఆ డబ్బల ఇంకో రసం ఉన్నదట,
చల్లనీళ్లు తాకినా మరిగిపోయేటి పిరికిది.
రాయి తెచ్చిన వేడిని తాగి ఆవిరైతది.
కంప్రెసర్ దాన్ని పిడికిట్ల పెట్టి పిసుకుతది.
దారిపొంటి ఏరిన చిల్లర
అవతల నోటై పడ్డట్టు
గోరువెచ్చనిది వేడయితది.
కరెంటుది ఒక పాలు,
రాయిది మూడు పాళ్లు.
కౌలు లెక్క నాకు తెల్సు. ఇది నిజమైతే
ఇంత మంచి ఆసామిని నేను చూడలే.

ఎండకాలం తిరగేస్తరట,
గదిల ఉడుకంతా తీస్కపోయి రాయికి అప్పజెప్తరట.
"అదేమనది?"
"అంటది. మరీ ఎక్కువ మోపితే
దానికీ ఉడుకుతది. రాత్రి పూట సెలవియ్యాలె."
మా రిగ్గు పిల్లగాండ్లకు
ఆ సెలవు ఎన్నడన్న ఇచ్చిన్నా అని
ఎందుకో గుర్తుకొచ్చింది.

దవాఖాన మొత్తానికి కాదు, గొప్పలొద్దు.
నెలలు నిండని పిల్లల గది ఒక్కటే,
వాళ్ల బట్టలుతికే నీళ్లు ఒక్కటే.
అద్దంల నుంచి చూసిన.
నా అరచేతికంటే జర పెద్దగున్నది ఒకతి,
టోపీ కండ్ల మీదికి జారింది, నిద్రల మూతి తిప్పుతున్నది.
ఆమె కింద ఆరు వందల ఎనభై ఫీట్లు.
ప్రతి ఫీటుకు రేటు కట్టి నేనే తీసుకున్న.

పెంటయ్యకు ఫోన్ కొట్టి చెప్పిన,
నీ పాయింటు తప్పు కాదు అని.
"నీళ్లు పడ్డయా?" అన్నడు.
చెప్పుడు మొదలువెట్టిన. లైను కట్టయింది.

మొన్న నాచారంల మళ్ల దుమ్మే వచ్చింది.
ఇంటాయన మెట్ల మీద కూలబడ్డడు.
థర్మామీటర్ నా జేబులనే ఉన్నది.
దింపి చూద్దామనుకున్న.
తాడు సాలలే.